చీకటిగది చదువు

మన భాషలో ఒక చిత్రమైన సంగతి ఉంది. ఫోటో తీసేవాడు తీస్తాడు, సరే. తీయించుకునేవాడు మాత్రం ‘దిగుతాడు’. బావిలోకి దిగినట్టు, ఏట్లోకి దిగినట్టు, మనవాళ్ళు ఫోటో దిగుతారు. “పెళ్ళయిన కొత్తలో విజయవాడలో దిగాం” అని ముసలి దంపతులు గోడమీది పటం చూపిస్తే, దిగింది బస్సా, ఫోటోనా అని అడిగేవారుండరు. తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి గనుక ఈ ఒక్క మాట మీద తరగతిలో గంటసేపు మాట్లాడగలను. పిల్లలు ఆవలిస్తారని ఊరుకుంటాను.

ఆ మాటకు ఎంత బరువుందో నాకు నిఘంటువులు చెప్పలేదు. మునగాలలో ఒక ఫోటో స్టూడియో వెనక, మంచం వేస్తే మనిషి నిలబడడానికి చోటుండని చీకటిగది చెప్పింది. 1994 వేసవిలో, తొమ్మిదో తరగతి పరీక్షలు రాయడానికి ఇంకా నెలరోజులుండగానే, నేను ఆ గదిలో శిష్యుడిగా చేరాను.

బడిలో ఫోటోగ్రఫీ చెప్పేవారా అని మీరడగవచ్చు. చెప్పేవారు కాదు. చెప్పింది కాంతి పాఠం. కాంతి ఋజుమార్గంలో ప్రయాణిస్తుందనీ, అందుకు నిదర్శనం సూదిబెజ్జం కెమెరా అనీ బల్లమీద రాసి, పరీక్షలో నాలుగు మార్కులు వస్తాయని చెప్పి, చాలామంది అయ్యవార్లు అక్కడితో చేతులు దులుపుకుంటారు. మా సైన్సు సారు ఆ కోవకు చెందినవారు కారు. చెప్పుల డబ్బాలు తెమ్మన్నారు. డబ్బాకు ఒక పక్క సూదితో బెజ్జం పొడిపించి, ఎదుటి పక్క కోసేసి, కొబ్బరినూనె రాసిన పల్చటి కాగితం అంటించమన్నారు. తలమీద నల్ల దుప్పటి కప్పుకుని హైదరాబాదు–విజయవాడ రోడ్డువైపు తిరిగి చూడమన్నారు. చూశాం. వేపచెట్టు తలకిందులుగా వేలాడుతోంది. దాని కింద ఒక లారీ, చక్రాలు ఆకాశంలో పెట్టుకుని, వెళ్ళవలసిన దిక్కుకు ఎదురుగా పరుగెత్తుతోంది. మావాళ్ళు పడీపడీ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది.

“సార్, ఆ బొమ్మ కాగితం మీద నిలబడిపోవాలంటే ఏం చెయ్యాలి?” అని అడిగాను.

“అది తెలిస్తే నేనిక్కడెందుకుంటాను? పద, తెలిసినాయన దగ్గరికి పోదాం” అన్నారు సారు. సాయంత్రం బడి వదలగానే నిజంగానే తీసుకుపోయారు. అలాంటి ఉపాధ్యాయులు ఆ రోజుల్లోనూ అరుదే.

ఇక్కడ మా ఊరి సంగతి రెండు ముక్కలు చెప్పాలి. నలువైపులా నిజాం రాజ్యం ఉండగా మునగాల పరగణా మాత్రం మద్రాసు రాజధానిలో, కృష్ణా జిల్లాకు చెందిన ద్వీపంలా ఉండేది. నాయని వేంకటరంగారావు గారు రాజా, కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారు దివాను. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసిందన్నా, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుట్టిందన్నా వీరి చలవ ఎంతో ఉంది. 1959లో పరగణాను నల్లగొండ జిల్లాలో కలిపారు. 2016 నుంచి సూర్యాపేట జిల్లా అయింది. కాగితాలమీద జిల్లాలు మారాయి గాని, మావాళ్ళ చూపు మాత్రం చాలాకాలం బెజవాడ వైపే ఉండిపోయింది. పెళ్ళిబట్టలకు బెజవాడ, పెద్ద జబ్బుకు బెజవాడ. మా ఫోటో మాస్టారు పని నేర్చుకున్నదీ బెజవాడలోనే. ఆయన పేరు ఊళ్ళో సగంమందికి తెలియదు. అందరికీ ఫోటో మాస్టారే.

అప్పటికాయన వయస్సు అరవై దాటింది. పొడుగాటి మనిషి. మెటాల్, హైడ్రోక్వినోన్‌లలో నాని నాని కుడిచేతి మూడు వేళ్ళ గోళ్ళు గోధుమరంగుకు తిరిగిపోయాయి. స్టూడియోలో ఒక యాషికా మ్యాట్ కెమెరా, రెండు దీపాలు, ఒక ముక్కాలిపీట, తాజ్‌మహలు రాసిన తెర. పెద్దగట్టు జాతర వచ్చిందంటే ఆ తెర చుట్టుకుని దురాజ్‌పల్లి వెళ్ళి గుడారం వేసేవారట. లింగమంతుల స్వామికి మొక్కు చెల్లించి, తాజ్‌మహలు ముందు నిలబడి ఫోటో దిగి, జనం ఇళ్ళకు వెళ్ళేవారు.

సారు చెప్పింది విని మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు. “జీతం ఇవ్వను. తిట్లు మాత్రం తప్పవు. సుమతీ శతకం వచ్చునా?” అన్నారు.

ఫోటోలకూ సుమతీ శతకానికీ ఏం సంబంధం? నాకూ అర్థం కాలేదు. వచ్చునన్నాను. “అయితే రేపటినుంచి రా” అన్నారు.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మధ్యాహ్నం అన్నం తినడం, స్టూడియోకు పరుగెత్తడం. మొదటి పదిహేను రోజులు కెమెరాను ముట్టుకోనివ్వలేదు. నీళ్ళు మోయించారు. మా బోరునీళ్ళు ఉప్పనివి. వాటిలో కడిగి ఆరవేస్తే నెగెటివ్ మీద తెల్లటి చుక్కలు తేలేవి. అందుకని దూరపు బావినుంచి బిందెలతో తెచ్చి, గుడ్డలో వడగట్టి, రాత్రంతా కుండలో ఉంచాలి. కుండ ఎందుకంటే, డెవలపరు ఇరవై డిగ్రీలుండాలని డబ్బామీద రాసి ఉంటుంది. ఏప్రిల్‌లో మునగాలలో ఇరవై డిగ్రీలు ఎక్కడినుంచి వస్తుంది? నీళ్ళు వేడెక్కితే ఫిల్మ్ మీద పూత మెత్తబడి, పాలమీగడలా జారిపోతుంది. గోలీసోడా కొట్టునుంచి ఐసుముక్క కొని, దాన్ని పొట్టులోంచి తీసి కడిగి, డెవలపరు గిన్నె కింది పళ్ళెంలో వేసేవాళ్ళం. అసలు పని తెల్లవారుజామునే చేసేవారాయన. ఎండ ముదిరాక ప్రింట్లు మాత్రమే.

పిమ్మట సుమతీ శతకం రహస్యం తెలిసింది. ప్రింట్లు వేసే కాగితానికి ఎర్ర దీపం ఉండవచ్చు. ఫిల్మ్ కడిగేటప్పుడు ఆ దీపం కూడా పనికిరాదు, కటిక చీకటి. గడియారం కనపడదు. రెండు చేతులతో ఫిల్మ్ చివరలు పట్టుకుని, ఉయ్యాల ఊపినట్టు గిన్నెలో ముంచుతూ తేలుస్తూ ఎనిమిది నిమిషాలుండాలి. పావులు జరిగినట్టు, పరుగు లేకుండా చదివితే నిమిషానికి నాలుగు కందపద్యాలు. అంటే ముప్పైరెండు పద్యాలకు ఫిల్మ్ తయారు. మాస్టారు పాతికేళ్ళనుంచీ అలాగే లెక్కపెడుతున్నారు. ముప్పైరెండో పద్యం అయిపోగానే హైపోలో వెయ్యాలి. కాంతి తగలని వెండి లవణాన్ని కరిగించి బొమ్మను నిలబెట్టేది హైపోయే. మా సైన్సు సారును నేనడిగిన ప్రశ్నకు జవాబు అది. జాన్ హెర్షెల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు హైపోకు ఆ గుణం ఉందని 1819లోనే కనిపెట్టాడు. ఇరవై ఏళ్ళ తరువాత, 1839లో, అది ఫోటోలకు పనికివచ్చింది. నెగెటివ్, పాజిటివ్ అన్న మాటలను ఈ విద్యలోకి తెచ్చిందీ ఆయనే.

తరువాతి రోజుల్లో నేను తెలుగు ఎం.ఏ. చేశానని తెలిసి మాస్టారు, “నా చీకటిగదిలోనే నీకు ఛందస్సు పట్టింది. ఫీజు బాకీ ఉన్నావు” అని నవ్వేవారు. కాదనలేను.

కడగడం అయింది. ఇక చూడటం నేర్పారు. యాషికా మ్యాట్‌లోకి పైనుంచి తొంగిచూస్తే అద్దంమీద మనిషి నిలువునే కనిపిస్తాడు గాని కుడి ఎడమలు తారుమారు. ఎడమకు జరపాలంటే కుడికి జరపాలి. అది అలవాటయ్యేదాకా నేను కెమెరా పట్టుకుని తాగుబోతులా తిరిగాను. రోలుకు పన్నెండు ఫోటోలు. పన్నెండూ ఎవరో డబ్బిచ్చి దిగుతున్నవే. అందువల్ల మాస్టారు నాకు ఖాళీ కెమెరా ఇచ్చి, వచ్చినవాళ్ళ ముఖాలు చూస్తూ ఉత్తుత్తి ఫోటోలు తీయమనేవారు. “ఎక్కడ వెలుగుంది? ఎక్కడ నీడుంది? చెప్పు” అనేవారు. చెప్పాక, “సరే, ఇప్పుడు ఆ మనిషి ఏం కోరి వచ్చాడో చెప్పు” అనేవారు. ఈ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబుండేది కాదు.

ఎవరెవరు వచ్చేవారు! ఓటర్లకు ఫోటో గుర్తింపు కార్డులివ్వాలని శేషన్‌గారి హయాంలో, 1993లో, ఎన్నికల సంఘం తలపెట్టింది. ఆ వార్త ఊళ్ళల్లో పాకి, పుట్టిన తరువాత ఒక్కసారైనా ఫోటో దిగనివాళ్ళకు బెంగ పట్టుకుంది. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని మా పక్కింటి ముసలమ్మ వాదం. “ఎనభై దాటినయ్, ఇంకేం తగ్గుద్దే!” అని మనవడు బతిమాలి తీసుకొచ్చాడు. ఆవిడ ముక్కాలిపీట మీద కూచుని, కొంగు తలమీదకు లాక్కుని, గుళ్ళో దణ్ణం పెట్టుకున్నట్టు రెండు చేతులూ జోడించింది. పాస్‌పోర్టు సైజులో చేతులు పడవని మనవడు గోల పెట్టాడు. మాస్టారు ఏమీ అనలేదు. ఒకటి చేతులతో తీశారు, ఒకటి లేకుండా తీశారు. రెండోదానికే డబ్బు తీసుకున్నారు.

మరి కొందరు పిలవడానికి వచ్చేవారు. ఇంట్లో పెద్దాయన పోయాడు, ఒక్క ఫోటో కూడా లేదు, రమ్మని. అలాంటప్పుడు నన్ను వెంట తీసుకుపోయేవారు కారు. తిరిగివచ్చాక నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో ఏదో గీసుకుంటూ చాలాసేపు కూచునేవారు. మూసిన కళ్ళు తెరిపించడం ఆ పెన్సిలుకు చేతనవును.

ఆ పెన్సిలు సంగతి చెప్పాలనే ఇదంతా చెప్పుకొచ్చాను. రీటచింగ్ అంటారు. నెగెటివ్ మీద టర్పెంటైను కలిసిన ఒక నూనె పలచగా రుద్ది, అది ఆరాక, ముల్లులా చెక్కిన పెన్సిలుతో చుక్కలు చుక్కలుగా దిద్దుతారు. నెగెటివ్‌లో అంతా తలకిందులు గదా. పెన్సిలు పడి నల్లబడ్డ చోటల్లా ఫోటోలో తెల్లబడుతుంది. మొటిమలు పోతాయి. మశూచికం మచ్చలు పోతాయి. ఓపికుంటే చామనఛాయ పిల్ల పచ్చటి పిల్ల అయిపోతుంది. పెళ్ళి సంబంధాలకు పంపే ఫోటోలకు ఆ సేవ తప్పనిసరి. ఆడపిల్ల తండ్రి వచ్చి, గొంతు తగ్గించి, “కొంచెం రంగు...” అని సగంలో ఆగిపోయేవాడు. మిగతా సగం ఊళ్ళో అందరికీ తెలుసు.

మాస్టారు కొన్నేళ్ళు ఆ పని చేశారు. నేను చేరేనాటికి మానేశారు. కారణం ఆయన భార్య చెప్పింది. ఒకమ్మాయి ఫోటోకు అలాగే రంగు దిద్దితే, అవతలివాళ్ళు ఫోటో చూసి ముచ్చటపడి, బండి కట్టుకుని పదిమంది వచ్చారట. పిల్లను చూశారు. ఉప్మా తిన్నారు. “ఫోటో వేరు, పిల్ల వేరు” అని అరుగుమీదే అనేసి వెళ్ళిపోయారు. మర్నాడు ఆ తండ్రి స్టూడియోకు వచ్చి తిట్టలేదు, కొట్టలేదు. ముక్కాలిపీట మీద అరగంట మాట్లాడకుండా కూచుని లేచిపోయాడు. ఆ రోజునుంచి పెన్సిలు మొటిమలు దాటి ముందుకు పోలేదు.

మా పెద్దనాన్నగారి అమ్మాయి నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి ఉద్యోగం కోసం చూస్తోంది. మా ఇళ్ళల్లో అందరికంటె చురుకైన మనిషి, అందరికంటె నలుపు. రెండోదాన్ని గురించి బంధువులు మొదటిదానికంటె ఎక్కువ మాట్లాడేవారు. అప్పటికి మూడు సంబంధాలు వెనక్కు పోయాయి. పెద్దనాన్న నన్ను పిలిచి, “ఒరే, ఆ మాస్టారికి నువ్వు చెబితే వింటాడు గదరా. అక్కకు మంచి కలర్ ఫోటో తీయించి, కొంచెం చూసీచూడనట్టు...” అన్నాడు. మళ్ళీ ఆ సగం మాటే.

అక్కకు అంతకు ముందే ఒకసారి నెగెటివ్ చూపించి ఉన్నాను. తెల్లచొక్కా నల్లగా, నల్లజుట్టు తెల్లగా ఉంటే తెగ నవ్వింది. ఇప్పుడు తండ్రి మాట విని నవ్వలేదు. “తెల్లపిల్లే కావాలంటే నెగెటివ్ పంపించండి నాన్నా. అందులో నేను మహా తెల్లగా ఉంటాను” అంది.

పెద్దనాన్న ముఖం తిప్పుకున్నాడు. పెద్దమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

మాస్టారికి ఈ మాట చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “రేపు పొద్దున్నే ఎనిమిదింటికి తీసుకురా. పౌడరు పూయవద్దను. తెల్లచీర కట్టవద్దను. కలరు వద్దు” అన్నారు. కలరు ఎందుకు వద్దంటే, కలర్ రోలు విజయవాడ లాబుకు పంపాలి. అక్కడినుంచి వచ్చిన ప్రింట్లలో మా ఊరి ముఖాలు బొగ్గుల్లా ఉండేవి, లేకపోతే ఎర్ర ఇటుకల్లా ఉండేవి. తెల్లవాళ్ళ ఫోటోలు పుస్తకాల్లో ఎంతో చక్కగా ఉంటాయి గదా, మనవే ఎందుకిలా వస్తాయని ఆయన విసుక్కునేవారు. కారణం ఆయనకు తెలియదు. నాకు తెలిసింది చాలా ఏళ్ళ తరువాత. లోర్నా రాత్ అనే కెనడా పరిశోధకురాలు 2009లో ఈ విషయం మీద ఒక వ్యాసం రాసింది. లాబుల్లో రంగు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ 1950ల నుంచి ఒక నమూనా ఫోటో పంపేది. దాన్ని ‘షర్లీ కార్డు’ అనేవారు; మొదట అలా దిగిన అమ్మాయి పేరు షర్లీ. తెల్లజాతి యువతి. ఆమె చర్మం బాగా వస్తే రంగులు కుదిరినట్టు లెక్క. మిగతా లోకం ఎలా వస్తే అలా వస్తుంది. నల్లవారి తల్లులు మా పిల్లల ముఖాలు కనపడటంలేదంటే ఎవరూ వినలేదు గాని, చాక్లెట్ల కంపెనీలవాళ్ళూ కుర్చీబల్లల వర్తకులూ మా సరుకు రంగు సరిగా రావడంలేదని ఫిర్యాదు చేశాక ఫిల్ముల్లో గోధుమరంగులు మెరుగుపడ్డాయట! వేరువేరు రంగుల మనుషులున్న కార్డులు 1990ల్లోగాని రాలేదు. అమెరికాలో ఎవరో ఒక షర్లీకి కుదిర్చిన కొలత మునగాల పిల్లల పెళ్ళి సంబంధాల దాకా వచ్చిందన్నమాట.

నలుపు తెలుపు మాత్రం మాస్టారి చేతిలో ఉంది.

మర్నాడు అక్క మామిడిచిగురు రంగు చీర కట్టుకుని వచ్చింది. పెద్దమ్మ వెంట వచ్చి గడపలో కూచుంది. మాస్టారు తాజ్‌మహలు తెర చుట్టించేశారు. వెనక తెల్లగోడ ఉంది. “తెల్లగోడ ముందు ఎవరైనా నల్లగానే కనబడతారు. కన్ను పక్కదాంతో పోల్చి చూస్తుంది” అని, ఇంట్లోంచి బూడిదరంగు దుప్పటి తెప్పించి వేలాడదీశారు. దీపాలు రెండూ ఆర్పేశారు. తూర్పు కిటికీ తెరిచి, దానికి పల్చటి పంచె అడ్డం కట్టి, అక్కను పక్కవాటుగా కూచోబెట్టారు. ఇంకొక తెల్లపంచె విప్పి నా చేతికిచ్చి, కిటికీ వెలుగు దానిమీద పడి అవతలి చెంపమీదకు మళ్ళేలా పట్టుకోమన్నారు. అరగంట పట్టుకున్నాను, భుజాలు పడిపోయాయి.

“అమ్మా, ఒక్క చుక్క కొబ్బరినూనె చెంపలకు రాసుకో” అన్నారు అక్కతో.

“నూనెముఖమంటారు మాస్టారూ” అని పెద్దమ్మ గడపలోంచి అంది.

“పౌడరు నల్లటి చర్మాన్ని బూడిద చేస్తుందమ్మా. నూనె వెలుగును పట్టుకుంటుంది. దేవుడి విగ్రహానికి నూనె ఎందుకు రాస్తారు? మెరుపుంటేనే ముక్కూ చెంపా తీరు తెలుస్తుంది.”

తరువాత నావైపు తిరిగి చెప్పారు. జనం చేసే తప్పు ఏమిటంటే, చొక్కానో చీరనో చూసి వెలుగు కొలుస్తారు. చీర బాగా వస్తుంది, ముఖం చీకట్లో పడుతుంది. ముఖానికి కావలసినంత వెలుగు ముందు ఇవ్వు. మామూలు కంటె రెట్టింపు ఇవ్వు. అప్పుడు తెల్లటివి మరీ తెల్లబడతాయని భయం గదా, అందుకు కడిగేటప్పుడు తొందరగా తీసెయ్యి. “ముప్పైరెండు పద్యాలు కాదు, ఇరవైనాలుగే” అన్నారు.

కెమెరా మీదకు వంగి, చాలాసేపు మీట నొక్కలేదు. అక్క మొదట బిగుసుకుపోయింది. పెళ్ళిచూపుల్లో మూడుసార్లు అలా తల వంచి కూచున్న పిల్ల. మాస్టారు, “ఏం పాఠం చెబుతావమ్మా పిల్లలకు?” అని అడిగారు. లెక్కలు, అంది. “భిన్నాలు నాకెప్పుడూ రాలేదు. మూడింట రెండు పెద్దదా, నాలుగింట మూడు పెద్దదా?” అన్నారు. అక్క తలెత్తి ఆయన్ను చూసి, పాఠం చెప్పబోతూ నోరు తెరిచింది. మీట టిక్కుమంది.

మొత్తం మూడు తీశారు. పన్నెండింటిలో మూడు ఒకరికే ఖర్చుపెట్టడం నేను మొదటిసారి చూశాను.

ఆ మర్నాడు తెల్లవారుజామున ఫిల్మ్ కడిగింది నేను. ఇరవైనాలుగు పద్యాలు. ఒక్కటి ఎక్కువ చదవలేదు, తక్కువ చదవలేదు. సాయంత్రం ఎర్రదీపం కింద కాగితం డెవలపర్‌లో వేస్తే, మొదట కళ్ళు వచ్చాయి. తరువాత జడ. తరువాత చెంపమీద కిటికీ వెలుగు. ముఖం నల్లగానే ఉంది, అక్క ఎంత నలుపో అంత నలుపు. కాని ఆ నలుపులో ఎన్ని రకాల నలుపులున్నాయో అప్పటిదాకా నేను చూసి ఎరగను, రోజూ చూసే మనిషే అయినా. నోరు సగం తెరిచి, భిన్నాలు చెప్పబోతోంది.

చాలా ఏళ్ళకు హైదరాబాదులో బండి రాజన్‌బాబుగారు తీసిన గిరిజనుల ఫోటోలు చూశాను. కోరుట్లలో 1939లో పుట్టి 2011లో పోయిన గొప్ప ఛాయాచిత్రకారుడు. ఆ నల్లటి దేహాలమీద వెలుగు నిలిచిన తీరు చూస్తే మా మాస్టారి కొబ్బరినూనె చుక్క జ్ఞాపకం వచ్చింది. అంతకు వందేళ్ళ వెనక, 1892లో, ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్ హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో పెట్టించి ఒక ఆంగ్ల వనితకు అప్పగించాడు. రాణివాసపు స్త్రీలు దిగడానికి అన్ని ఏర్పాట్లు. మునగాల ఆడపిల్లలకు గడపలో కూచున్న తల్లే జెనానా.

ఫోటో చూసి పెద్దనాన్న సంతోషించాడంటే అబద్ధమవుతుంది. “బాగానే ఉంది గాని...” అన్నాడు. మొదట పంపిన ఇద్దరూ ఫోటో తిప్పి పంపారు, ఉత్తరం కూడా లేకుండా. ఒక నెలపాటు ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. మాస్టారిని పెన్సిలు ముట్టుకోమని ఒప్పించలేకపోయానని నామీద కోపం. నేను పదో తరగతిలో పడ్డాను. మాస్టారు మాత్రం కనిపించినప్పుడల్లా, “ఏదైనా కబురు వచ్చిందా?” అని అడిగేవారు.

దసరాలకు మిర్యాలగూడనుంచి కబురు వచ్చింది. అబ్బాయి బియ్యం మిల్లులో లెక్కలు రాస్తాడు. చూడటానికి నలుగురే వచ్చారు. అక్క వచ్చి చాప మీద కూచోగానే, అబ్బాయి తల్లి సంచిలోంచి ఫోటో తీసి, చెయ్యి చాచి, అక్క ముఖం పక్కన పెట్టి చూసింది. పెద్దమ్మ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుంది. ఆవిడ ఒకసారి ఫోటో చూస్తుంది, ఒకసారి పిల్లను చూస్తుంది. ఆవిడా నలుపే, అక్కతో సమానంగా.

“ఫోటోలో ఉన్నట్టే ఉన్నావమ్మా” అంది చివరకు. “మా చుట్టాల్లో ఫోటోలు చూసి చూసి నాకు నమ్మకం పోయింది. ఇంతకూ ఆ ఫోటోలో ఏదో చెప్పబోతున్నావు. ఏందది?”

“నాలుగింట మూడే పెద్దదని” అంది అక్క.

పెళ్ళి ఫోటోలు మాస్టారే తీశారు. నేను దీపం పట్టాను. ఆ రోజుకు నా శిష్యరికం మొదలై పది నెలలు. పెళ్ళిలో రెండు ఫోటోలు నన్ను తీయనిచ్చారు. ఒకటి తలంబ్రాలది, ఒకటి పొయ్యి దగ్గర వంటవాళ్ళది. రెండోదే బాగా వచ్చింది.

ఇంటర్మీడియెట్‌కు కోదాడ వెళ్ళాక శిష్యరికం ఆదివారాలకు తగ్గింది, హైదరాబాదు వెళ్ళాక పండుగలకు తగ్గింది. తరువాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి. చీకటిగదిలో ఉల్లిపాయలు ఆరబోశారు. మాస్టారు ఇప్పుడు లేరు. పోయినప్పుడు పటం కట్టించడానికి ఫోటో కోసం ఇల్లంతా వెతికారు. ఊరందరినీ తీసిన మనిషికి సొంత ఫోటో లేదు. చివరకు నేను ఎప్పుడో ఖాళీ కెమెరా అనుకుని ఆయన చేతికిస్తే, “రోలుంది, తియ్యి” అని ఎదురుగా నిలబడ్డ ఫోటో ఒకటి నా దగ్గర దొరికింది. అందులో ఆయన చూపు నామీద లేదు. కిటికీ వైపు, వెలుగు ఎటునుంచి వస్తోందో చూసుకుంటున్నారు.

ఈ ఏడాది మా కాలేజీలో చేరిన పిల్లల దరఖాస్తుల ఫోటోలు సరిచూసే పని నాకు అప్పగించారు. ఫోన్లలో తీసుకున్నవి. అందరూ ఒకే తెలుపు. గుమస్తా ఒక్కొక్కరినీ పిలిచి ముఖం చూసి, ఫోటో చూసి, మళ్ళీ ముఖం చూసి తల గోక్కున్నాడు. పిల్లల తప్పు కాదది. చాలా ఫోన్లు అడగకుండానే చర్మాన్ని నున్నగా, తెల్లగా చేసి ఇస్తున్నాయి. మాస్టారు మానేసిన పెన్సిలు ఫోన్లకు దొరికింది. డబ్బు కూడా తీసుకోవడం లేదు.

మొన్న సంక్రాంతికి మిర్యాలగూడ అక్కావాళ్ళింటికి వెళ్ళాను. అక్క ఇప్పుడు ప్రధానోపాధ్యాయురాలు. ముందుగదిలో ఆ నలుపు తెలుపు ఫోటో పటం కట్టి ఉంది. దాని కింద కూచుని గారెలు తింటుంటే అక్క కూతురు, “అమ్మా, ఇటు చూడు” అని ఫోనుతో టక్కున తీసి, తల్లి చేతికిచ్చింది.

అక్క కళ్ళజోడు సవరించుకుని, ఫోను కొంచెం దూరంగా పట్టుకుని, కాసేపు చూసింది.

“ఇదెవరే?” అంది.